లేదనని అంగడి

మా అంగట్లో ‘లేదు’ అనే మాట వినపడకూడదు. మా తాత కాలం నుంచీ అంతే. కందిపప్పు అయిపోతే నిండుకుంది అంటాం. బెల్లం లోడు రాకపోతే పొద్దున్నే వచ్చి కనుక్కోండి అంటాం. మేం ఏనాడూ అమ్మని వస్తువు, సైకిల్ ట్యూబు లాంటిది ఎవరైనా అడిగితే, పక్క సందులో మంచివి దొరుకుతాయి అని దారి చూపిస్తాం. సాయంత్రం అంగడి మూసెయ్యం, కట్టేస్తాం. దీపం ఆర్పం, కొండెక్కిస్తాం. లక్ష్మీదేవికి చెవులు చాలా చురుకని, ఒక్కసారి ఆ మాట విన్నదంటే నిజంగానే లేకుండా చేసి పోతుందని మా అమ్మ నమ్మకం. నంద్యాల బజారులో మా గల్లాపెట్టె పక్కన చాప వేసుకుని కూర్చుని, మా అందరి నాలుకలకూ ఆమె ఇన్నేళ్లుగా కాపలా కాస్తోంది.

ఇలా పెరిగినవాడికి ఇంకెక్కడా కూడా కాదు, కూడదు, వద్దు అనే మాటలు నోటికి రావు. చందాకు వచ్చినవాళ్లతో చూద్దాంలే అన్నా అంటాను. పోలేని పెళ్లికి పిలిస్తే రాకుండా ఎట్లుంటాం అంటాను. పాము చావదు, కర్ర విరగదు, అందరూ నవ్వుతూ వెళ్లిపోతారు. మాలాంటి అంగడివాళ్ల సాక్ష్యం మీద లోకంలో ఒక సామెత కూడా ఉంది. నేను చెప్పను, మీకు తెలిసే ఉంటుంది. మా ఆవిడ మాత్రం ఇందుకు పూర్తిగా ఎదురు. ఆమెది ఆళ్లగడ్డ, పుట్టింటివాళ్లది ఇనుప సామాన్ల అంగడి. మేకులు, గొలుసులు అమ్మేవాళ్ల మాట కూడా అట్లాగే ఉంటుంది. నాతో మాట్లాడితే ఔనో కాదో తెలుసుకోవడానికి పంచాంగం చూడాల్సి వస్తోందని పెళ్లయిన కొత్తలోనే అనేసింది.

మా పాప నాలుగో తరగతి. మనిషి చురుకు, చదువు బాగుంటుంది, ఎక్కాలు నాకంటే వేగంగా చెబుతుంది. బడి నుంచి వచ్చి తిన్నాక అంగట్లో శనగల మూటల మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది. ఈ మధ్య ఇంటికి వస్తూనే కంచం ముందు కూలబడి ఆబగా తినడం మా ఆవిడ గమనించింది. పొద్దున డబ్బాలో పెట్టిన నువ్వులుండలు ఏమయ్యాయని అడిగితే, స్కూలు ఆటోలో పెద్ద తరగతి పిల్ల ఒకతె రోజూ తీసుకుని తింటోందని తేలింది. కిటికీ పక్కన పాప చోటు కూడా ఆ పిల్లే తీసుకుందట. కొట్టిందా అంటే కొట్టలేదు. బెదిరించిందా అంటే అదీ కాదు. చెయ్యి చాపుతుంది, మా పాప ఇచ్చేస్తుంది.

“ఇయ్యను అని చెప్పొచ్చు కదా?” అంది మా ఆవిడ.

“లేదనగూడదని అవ్వ చెప్పింది కదమ్మా,” అంది పాప, ఎక్కం అప్పజెప్పినట్లు.

మా ఆవిడ నావైపు చూసింది. నేను మా అమ్మవైపు చూశాను. మా అమ్మ దేవుడి పటం వైపు చూసింది.

ఆటో అతనితో చెప్పి పాప చోటు మార్పించాం. అక్కడ పక్కన కూర్చున్న పిల్ల రబ్బరు, పెన్సిలు, చివరికి వాటర్ బాటిల్ మూత కూడా తీసుకుపోయింది. వాటర్ బాటిల్ మూత ఎవరికైనా ఎందుకు పనికొస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అప్పుడు తెలిసింది, తంటా ఆ పిల్లల దగ్గర లేదని. మా పాప ఎక్కడ కూర్చున్నా ఇంతే. ఈరోజు నువ్వులుండ, పెద్దయ్యాక ఇంకేమిటో! ఆ ఆలోచన వచ్చాక నాకు అన్నం సహించలేదు. నా సంగతి వేరు, నేను మగవాణ్ని, అంగడి ఉన్నవాణ్ని, ఎట్లాగో నెట్టుకొచ్చాను. ఆడపిల్ల వద్దు అనలేకపోతే ఈ లోకంలో ఎట్లా బతుకుతుంది?

పాపను కరాటేలో చేర్పించాలని మా ఆవిడ తీర్మానించింది. క్లాసు వెతికే పని నా మీద పడింది.

నేను పప్పులవాణ్ని. నాకు తెలిసిన ఎంపిక ఒక్కటే, మచ్చు చూడటం. ఎంత పెద్ద లోడు వచ్చినా మూటలోంచి గుప్పెడు తీసి, అరచేతిలో ఆడించి, ఒక గింజ కొరికి చూస్తాం. మచ్చు బాగుంటే మూట బాగున్నట్లే. అందుకని ప్రతి క్లాసులోనూ పాపను ఒకరోజు కూర్చోబెట్టి, చేయించి, ఇంటికొచ్చాక ఎట్లా ఉందో అడగాలని అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదట చూసింది కరాటే. మా అంగడికి రెండు వీధుల అవతల, కల్యాణ మండపం వెనక ఖాళీ స్థలంలో సాయంత్రాలు నేర్పిస్తారు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ, దాని నిండా పతకాలు వేసుకున్న పిల్లలు. ఫ్లెక్సీ చూస్తే నాకు మామూలుగా ఒళ్లు మండుతుంది. సరుకు మంచిదైతే బోర్డు ఎందుకు అనే రకం నేను. అయితే మాస్టారు మాత్రం నవ్వు ముఖం కుర్రవాడు. పిల్లలంటే ప్రాణం పెడతాడని చూస్తూనే తెలుస్తోంది. ప్రతి గుద్దుకూ పిల్లలంతా ఒక్కసారిగా అరుస్తున్నారు. ఆ అరుపుకు మండపం మీది పావురాలు లేచిపోతున్నాయి. మా పాప చేతులు, కాళ్లు సరిగ్గానే ఆడించింది. అరవాల్సి వచ్చినప్పుడు మాత్రం పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. మాస్టారు వచ్చి గట్టిగా అరవమ్మా అన్నాడు. మళ్లీ పెదవులు కదిలాయి. ఇంకా చాలామంది పిల్లలు ఉన్నారు, పాపం ఆయన పక్క వరుసకు పోయాడు.

ఇంటికి వచ్చాక ఎట్లా ఉందని అడిగాను. బాగుంది నాయనా అంది.

రెండోది తైక్వాండో. కోచింగ్ సెంటర్ మిద్దె మీద. అక్కడి మాస్టారు మాట తక్కువ, విజిల్ ఎక్కువ. పిల్లలు తలకంటే ఎత్తుగా కాళ్లు లేపుతున్నారు. నాకు ఆ విజిల్ వింటుంటే బస్టాండులో ఉన్నట్లు అనిపించి చిరాకు వేసింది. పాప అక్కడ కూడా చెప్పినవన్నీ చేసింది. ఎట్లా ఉందంటే బాగుంది నాయనా అంది.

ఇద్దరు మాస్టార్లూ చేరుస్తున్నారా అని అడిగారు. నేను ఏమన్నానో మీరు ఊహించగలరు. కరాటే మాస్టారితో “పంపిస్తాం సార్, మీ దగ్గరికి కాకపోతే యాడికి పోతాం” అన్నాను. తైక్వాండో మాస్టారితో “మంచి రోజు చూసుకోని వస్తాం సార్” అన్నాను. ఇంటికి చేరేలోగా నన్ను రెండు వాట్సాప్ గ్రూపుల్లో చేర్చారు. రెండింట్లోనూ మా పాపకు పూలగుత్తులతో స్వాగతాలు వస్తూనే ఉన్నాయి. నేను రెండింట్లోనూ చేతులు జోడించాను.

అంతలో మా ఆవిడ అన్న, అంటే మా బావ, ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేశాడు. ఆయన కూతురు అక్కడ జూడో నేర్చుకుంటోందట. ఆదివారం వచ్చి చూసిపొమ్మన్నాడు. అంత దూరం ఎవరు తిరుగుతారు, అనవసరం అని మనసులో అనుకుని, తప్పకుండా వస్తాం బావా అన్నాను.

మాట ఇచ్చాక తప్పుతుందా. ఆదివారం పాపను తీసుకుని బస్సెక్కాను. ఆళ్లగడ్డలో దిగగానే ఉలి దెబ్బల చప్పుడు వినిపిస్తుంది. రోడ్డు వెంట శిల్పాల షెడ్లు. సగం చెక్కిన నందులు, ముక్కు ఇంకా రాని వినాయకుళ్లు ఎండలో కూర్చుని ఉంటారు. అట్లాంటి షెడ్డు ఒకదాని వెనక రేకుల హాలులో ఆ క్లాసు. ఫ్లెక్సీ ఏమీ కనిపించలేదు. నాకు అప్పుడే కొంచెం గౌరవం కలిగింది. నేర్పేది బడిలో ఆటల టీచరుగా పనిచేసే ఒకావిడ. పిల్లలంతా మేడం అంటారు. ముతక చాపల మీద పిల్లలు పడుతున్నారు, లేస్తున్నారు, మళ్లీ పడుతున్నారు. పడటం నేర్పడానికి కూడా క్లాసు కావాలా అని నాకు నవ్వొచ్చింది.

కాసేపటికి మేడం పిల్లల్ని జంటలుగా నిలబెట్టింది. మా పాపకు జంట మా బావ కూతురే. వరసకు వదిన అవుతుంది, రెండేళ్లు పెద్దది. ఒకరు రెండోవారి మణికట్టు గట్టిగా పట్టుకోవాలి. పట్టుబడిన పిల్ల ముందు వదులు అని చెప్పి, ఆ తర్వాత చెయ్యి తిప్పి విడిపించుకోవాలి. మేడం పెట్టిన నియమం ఒక్కటే. వదులు అనే మాట చెవిన పడేదాకా పట్టు వదలకూడదు.

హాలంతా వదులు, వదులు అని మోగిపోయింది. మా పాప వదిన ముఖంలోకి చూసి నవ్వుతూ నిలబడింది. పక్క జంటలు విడిపోయాయి, మారిపోయాయి, మళ్లీ పట్టుకున్నాయి. వీళ్లిద్దరూ అట్లాగే ఉన్నారు. పాప నవ్వు మెల్లగా తగ్గింది. చెయ్యి లాగి చూసింది, రాలేదు. నావైపు చూసింది.

నాకు కోపం వచ్చేసింది. చిన్నపిల్లను అట్లా పట్టుకుని నిలబెడతారా? లేచి రెండడుగులు వేశాను. మేడం నన్ను చూసి చెయ్యెత్తి ఆపింది.

“మీరు కూసోండన్నా. ఏం తొందర లేదు.”

క్లాసు అయిపోయింది. పిల్లలు చాపలు చుట్టి గోడకు చేర్చారు. చెప్పులు వేసుకుని ఒక్కొక్కరే పోయారు. ఆ ఒక్క చాప మీద మాత్రం వీళ్లిద్దరూ చెయ్యి, చెయ్యి పట్టుకుని మిగిలారు. మా బావ కూతురికి నొప్పి పుట్టిందేమో, కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది గానీ పట్టు వదల్లేదు. మేడం పక్క షెడ్డు నుంచి టీ తెప్పించుకుని, వీళ్లకు దగ్గరగా చాప అంచున కూర్చుని తాగుతోంది. అరవమని చెప్పలేదు. భయపడొద్దని చెప్పలేదు. ఊరికే ఉంది. బయట ఉలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎప్పుడో పాప పెదవులు కదిలాయి. నాకు ఏమీ వినపడలేదు.

“నీకు ఇనపడిందా?” అని మేడం మా బావ కూతుర్ని అడిగింది.

“ఇనపడింది మేడం.”

“అయితే సాలు. వదులు.”

ఆ పిల్ల చెయ్యి వదిలి ఒళ్లు విరుచుకుంది. మేడం గ్లాసు పట్టుకుని లేచి వెళ్లిపోయింది. అంతే, శభాష్ కూడా లేదు. నేను వెళ్లొస్తాం మేడం అని చెప్పి, ఈమెకు మాత్రం ఏదీ ఒప్పుకోకుండా బయటపడ్డాను. ఆమె అడగనే లేదు మరి.

బస్సులో పాప దారి పొడుగునా తన మణికట్టును చూసుకుంటూ కూర్చుంది. ఎర్రగా కందిన చోట వేలితో రాసుకుంటోంది. నొప్పి పుట్టిందా అంటే లేదనకుండా తల అడ్డంగా ఊపింది. ఎట్లా ఉందని అడిగాను.

బాగుంది నాయనా అంది.

శిరివెళ్ల దాటుతుండగా నాకు ఒక విషయం తట్టింది. మూడు మచ్చులు చూపించాను. మూడింటికీ ఒకటే మాట. ఏది నిజంగా బాగుందో ఈ పిల్ల నోటి నుంచి నేను ఎట్లా తెలుసుకోవాలి? వద్దు అనడం రానివాళ్ల ‘సరే’కు బరువెంత? తూకం రాళ్లు లేని తక్కెడ లాంటిది మా పాప మాట. అట్లా చేసింది మేమే.

ఆ సంగతి అంత బాగా అర్థమైనవాణ్ని తర్వాత ఏం చేశానంటే, నాకు ఏది వీలుగా ఉందో అది ఎంచుకున్నాను. కరాటే రెండు వీధుల అవతలే. మాస్టారు మంచివాడు. ఆళ్లగడ్డ చాలా దూరం, పైగా అక్కడ చెయ్యి కందింది. కరాటేకు పంపుతున్నానమ్మా అంటే పాప సరే నాయనా అంది. ఆ పిల్ల ఎప్పుడు కాదంది కనుక. మా ఆవిడ మాత్రం, పాపను అడిగితివా లేక నువ్వే చెప్తివా అని నిలదీసింది. అడిగినట్లే చెప్పానన్నాను.

కరాటే మాస్టారికి పాప జాకెట్టు కొలత పంపించాను. తైక్వాండో గ్రూపులో మాత్రం చేతులు జోడిస్తూనే ఉన్నాను. ఆయనకు రామని చెప్పడానికి ఒక మంచి మాట కోసం వెతుకుతున్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కరాటే మాస్టారు బండి మీద మా అంగడికి వచ్చాడు. సరిగ్గా దీపాలు పెట్టే వేళ. బజారు కిటకిటలాడుతోంది. తూకం దగ్గర రుద్రవరం నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన శనగపప్పు తీసుకుంటున్నాడు. మా అమ్మ ప్రమిదలో నూనె పోసి వత్తి సవరిస్తోంది. పాప మూటల మీద కూర్చుని లెక్కలు చేస్తోంది. మాస్టారు చేతిలో తెల్లటి కవరు. అందులో కొత్త కరాటే డ్రెస్సు, మడత కూడా విప్పలేదు. మా పాప కోసం ప్రత్యేకంగా కుట్టించాడు. నవ్వుతూ దాన్ని నా చేతికి అందించబోయాడు. నేనూ నవ్వుతూ చెయ్యి చాపాను.

“లేదు సార్,” అని వినపడింది.

మూటల వైపు నుంచి. చిన్న గొంతు. మాస్టారికి సరిగ్గా వినపడక, ఏంది పాపా అన్నాడు. పాప పుస్తకం పక్కన పెట్టి మూటల మీది నుంచి దిగింది. ఒక చేత్తో రెండో చేతి మణికట్టు పట్టుకుని ఉంది. ఊపిరి గట్టిగా లోపలికి తీసుకోవడం కనపడింది.

“లేదు సార్. నేను మీ కాడికి రాను. నేను ఆళ్లగడ్డకు పోతా.”

ఈసారి బజారుకంతా వినపడింది. పెద్దాయన సంచీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మా అమ్మ చేతిలో అగ్గిపుల్ల వెలిగి ఉంది, వత్తికి ఇంకా తగలలేదు. మా అంగడి పుట్టాక దీపాల వేళ ఆ మాట ఆ గోడల మధ్య వినపడటం అదే మొదలు.

నాకు ముందు వచ్చింది కోపమే, దాచడం ఎందుకు. నలుగురిలో నా చెయ్యి గాల్లో ఉండిపోయింది. ఆ వెనకే అలవాటైన మాటలు తన్నుకొచ్చాయి. చిన్నపిల్ల సార్, ఏదో అంటాంది, మీరు మనసులో పెట్టుకోవద్దు, రేపటి నుంచి పంపిస్తాను అని మొదలుపెట్టాను. అప్పుడు పాప నన్ను చూసింది. ఆళ్లగడ్డ రేకుల హాలులో నావైపు చూసిన చూపే అది. అప్పుడు చెయ్యి పట్టుకున్నది వదిన. ఇప్పుడు పట్టుకున్నది నేను.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“నువ్వు ఉండు నాయనా,” అంది మా అమ్మ నాతో. పుల్ల ఆమె వేలి దాకా కాలింది. దాన్ని పడేసి ఇంకొకటి గీసి, దీపం పెట్టి, దండం పెట్టుకుని అప్పుడు మాస్టారి వైపు తిరిగింది. “కూసో అప్పా. కాఫీ తాగి పోదువు.”

మాస్టారు కూర్చున్నాడు. ముఖం కొంచెం చిన్నబోయినా ఆ కుర్రవాడి మంచితనం ఎక్కడికీ పోలేదు. కాఫీ తాగుతూ నాతో మెల్లగా అన్నాడు.

“పాప చెప్పింది బాగుందన్నా. నువ్వే ముందు చెప్పింటే నేను దీన్ని కుట్టించకుండా ఉందును. నేను నిజంగా వస్తాదనుకుంటి.”

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇన్నేళ్లూ నా తియ్యని మాటలు ఎవరినీ నొప్పించవనుకున్నాను. ఎంతమంది ఇట్లా కుట్టించి పెట్టుకుని, నాకోసం ఎదురుచూసి, నాకు చెప్పకుండా ఊరుకున్నారో! ఆ డ్రెస్సు మా పాప ఈడు పిల్లకు ఎవరికైనా వేసి, మా తరఫున కానుక అని చెప్పమన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. వెళ్తూ వెళ్తూ పాప తల నిమిరి, మా కాడ ఒక్కసారి కూడా అరవకపోతివి, ఈడ మాత్రం గొంతు బాగా తీస్తివే అన్నాడు. పాప సిగ్గుపడి మూటల వెనక్కి పోయింది.

పెద్దాయన పప్పు తీసుకుని పోయాక అంగట్లో మేం ముగ్గురమే మిగిలాం. పాప మూటల వెనక నుంచి తల మాత్రం బయటపెట్టి అవ్వను చూస్తోంది. తిట్లు తప్పవని ఆ పిల్లకు తెలుసు. నాకూ తెలుసు.

మా అమ్మ చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని పాపను దగ్గరికి పిలిచింది.

“లేదనగూడదని నీకు ఎవరు చెప్పినారు?”

“నువ్వే అవ్వా.”

“దేన్ని గురించి చెప్పినాను?”

పాప ఆలోచించింది. పప్పులు, బెల్లం, నూనె అంది.

“ఆ మాట సరుక్కు. నువ్వేమన్నా సరుకా ఏంది? నిన్ను అడిగితే నీకు ఇష్టం ఉంటేనే ఔనను. లేకుంటే లేదను. దీపాల వేళైనా సరే. లక్ష్మీదేవి కూడా ఆడమనిషే, ఆమెకు తెలీదా?”

నేను పప్పు డబ్బాల వైపు తిరిగి మూతలు సర్దాను. మూతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కళ్లు తుడుచుకోవడానికి ఏదో ఒక వంక కావాలి కదా. ఇన్నాళ్లూ మా అమ్మను నేనెంత తక్కువగా అర్థం చేసుకున్నాను! ఆమె పెట్టిన కట్టు మూటలకు. దాన్ని తీసి మా నాలుకలకు చుట్టుకున్నది మేమే.

అయితే మా అమ్మ అంతటితో ఊరుకునే మనిషి కాదు. నావైపు తిరిగి, నువ్వు కూడా ఒకసారి అను నాయనా విందాం అంది. పాప నవ్వు ఆపుకుంటూ నన్నే చూస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను. నిజంగా ప్రయత్నించాను. మాట నాలుక చివరిదాకా వచ్చి ‘చూద్దాంలే అమ్మా’గా బయటపడింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి విని మా ఆవిడ నవ్విన నవ్వు ఇంకా పెద్దది. ఆళ్లగడ్డ రక్తం ఎక్కడికి పోతుంది అని తన పుట్టింటికి ఒక పతకం కూడా తగిలించుకుంది.

తైక్వాండో మాస్టారికి మాత్రం నేనే చెప్పాను. మిద్దె మీదికి ఎక్కి, ఆయన ముందు నిలబడి, మా పాప రావడం లేదు సార్ అన్నాను. ఆయన సరేనన్నా అని విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఇంతేనా! ఇంత చిన్న పనికి నేను వారం రోజులుగా చేతులు జోడిస్తూ కూర్చున్నానా! మెట్లు దిగుతుంటే ఒంట్లో బరువు తగ్గినట్లయింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం మేం ఆళ్లగడ్డ పోతున్నాం. బస్సు ఎక్కేముందు సంచీలో మా బావకు కందిపప్పు, వచ్చేటప్పుడు ఆయన ఇచ్చే మేకులు. మా ఇంట్లో ఇన్ని మేకులు కొట్టడానికి గోడలు చాలడం లేదు. వద్దు బావా అని నేను ఇంకా అనలేదు, అన్నీ ఒక్కసారిగా వస్తాయా. పాప పడటం నేర్చుకుంది. చాప మీద ధబీమని పడి, చేత్తో చాపను చరిచి, నవ్వుతూ లేస్తుంది. వదిన మణికట్టు పట్టుకుంటే వదులు అంటుంది. ఉలి చప్పుడును మించి వినపడుతుంది. మేడం ఇప్పటికీ శభాష్ అనదు.

ఆటోలో ఏం జరుగుతోందని మాత్రం నేను అడగలేదు. మా ఆవిడ అడగొద్దంది. పాప మళ్లీ కిటికీ పక్కకే మారిందని ఆటో అతను చెప్పాడు. ఒకరోజు సాయంత్రం డబ్బా నువ్వులుండలతో నిండుగా అట్లాగే ఇంటికి వచ్చింది. తినలేదేమే అంటే, ఆకలి కాలేదు, మనసు ఒకమాదిరిగా ఉండింది అంది. మేం తరచి అడగలేదు.

మరుసటి రోజు డబ్బా ఖాళీగా వచ్చింది. పాప వస్తూనే కంచం ముందు కూలబడింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇన్ని ఆదివారాలు, ఇన్ని బస్సులు, మళ్లీ మొదటికే వచ్చామా అనుకున్నాను. ఉండబట్టలేక, ఆ పిల్ల మళ్లీ తీసుకునిందా అని అడిగేశాను.

“లేదు నాయనా,” అంది పాప నోట్లో ముద్ద పెట్టుకుని. ఆ మాట ఇప్పుడు ఎంత సులువుగా వస్తోందో. “నిన్న చెయ్యి చాపితే లేదు అంటి. ఈ పొద్దు చెయ్యి చాపలేదు. ఒకటి ఇస్తావా అని అడిగింది.”

“అయితే?”

“అడిగింది కదా, నాకిష్టమై అన్నీ నేనే ఇచ్చినా.”

మా అమ్మ లోపలికి పోయి నువ్వులుండలు తెచ్చి, పాప కంచంలో రెండు వేసింది. మూడోది నా చేతిలో పెట్టింది.